కొత్త కన్సోల్ మీద 40 లక్షలు: పెట్టొచ్చా?

ప్రశ్న: మేం నలుగురం గుంటూరు అరండల్‌పేటలో చిన్న గేమ్ స్టూడియో నడుపుతున్నాం. యూనిటీలో (గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేసిన టూడీ పజిల్ ప్లాట్‌ఫార్మర్ (గెంతుతూ చిక్కుముళ్లు విప్పే గేమ్) ఒకటి 14 నెలల కింద స్టీమ్‌లో (పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపు) పెట్టాం. ధర 15 డాలర్లు. ఇప్పటికి 6,200 కాపీలు పోయాయి, రివ్యూలు బాగున్నాయి. నింటెండో వాళ్ల గేమ్ మెషీన్ (కన్సోల్) స్విచ్ 2 కొత్తగా వచ్చింది కదా, దాని షాపులో గేమ్స్ తక్కువున్నప్పుడే దిగితే గిట్టుబాటవుతుందని మాలో ఒకడు పట్టుబడుతున్నాడు. దాని జాయ్‌కాన్‌ని (చేతిలో పట్టుకునే కంట్రోలర్) మౌస్‌లా వాడే సదుపాయం చుట్టూ గేమ్‌ని తిరగరాసి, ఆ ఒక్క మెషీన్‌కే ఇద్దామంటాడు. మా మేనమామ కోల్డ్ స్టోరేజీలో తన వాటా అమ్మి 40 లక్షలు పెడతానంటున్నారు. పెట్టించమంటారా?
ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం:

40 లక్షలు పెట్టించకండి. 9 లక్షలతో సరిపెట్టుకోండి. అదీ మూడు విడతలుగా, ఒక విడత ఫలితం చూశాకే రెండోది తీసుకునేలా. ‘ఆ ఒక్క మెషీన్‌కే’ అన్న మాట, ఎదుటివాళ్లు డబ్బు సంగతి కాగితం మీద పెట్టేదాకా మీ నోటి నుంచి రానివ్వకండి. గేమ్‌ని తిరగరాయడం మాత్రం అసలే వద్దు.

ముందు లెక్క. 15 డాలర్ల గేమ్ ఎప్పుడూ 15కే పోదు. సేల్స్‌లో సగానికి సగం తగ్గించి అమ్మినవే ఎక్కువ ఉంటాయి, యూరప్ ధరలో అక్కడి వ్యాట్ కూడా కలిసే ఉంటుంది. సగటున కాపీకి 8 డాలర్లు పడుతుందనుకుందాం. అందులో షాపు వాటా 30 శాతం పోతే 5 డాలర్ల 60 సెంట్లు. అమెరికా అమ్మకాల మీద అక్కడే పట్టుకునే పన్ను, బ్యాంకు మార్పిడి ఖర్చు పోగా చేతికి 5 డాలర్లు. డాలర్‌ని 85 రూపాయలకే లెక్కేయండి. ఇలాంటి చోట రేటు తక్కువ వేసుకున్నవాడికి నిద్ర పడుతుంది. అంటే కాపీకి 425 రూపాయలు. 40 లక్షలు వెనక్కి రావాలంటే 9,400 కాపీలకు పైగా అమ్మాలి. అందులో మామయ్య వడ్డీ లేదు, మీ నలుగురి జీతాలూ లేవు. గేమ్ సరికొత్తగా ఉన్నప్పుడు స్టీమ్‌లో 14 నెలల్లో అమ్మింది 6,200. కన్సోల్ కొనుగోలుదారుడికి అది ఏడాది పాతబడిన సరుకు. అదే 9 లక్షలైతే 2,120 కాపీలు చాలు. అది అందే దూరం.

మీ స్నేహితుడి వాదన పూర్తిగా తప్పేం కాదు, సగం నిజం ఉంది. 2017 మార్చిలో మొదటి స్విచ్ వచ్చినప్పుడు ముందుగా దిగిన చిన్నవాళ్లు నిజంగానే బాగుపడ్డారు. ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీ, ఉన్నది మూడు నెలలే అయినా, ఆ సంవత్సరం స్విచ్‌లో ఎక్కువ మంది డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్ అయింది. అయితే అప్పుడు అంగడి ఎందుకు ఖాళీగా ఉంది? మొదటి స్విచ్‌లో నింటెండో పాత మెషీన్లైన వీ యూ డిస్కులు గానీ, త్రీడీఎస్ కార్డులు గానీ ఆడవు. కొన్నవాడికి ఆడుకోవడానికి కొత్తగా వచ్చినవి తప్ప గతి లేదు. స్విచ్ 2 సంగతి వేరు. పాత స్విచ్ గేమ్స్‌లో అత్యధిక భాగం అందులో ఆడతాయి. 2025 జూన్ 5న మెషీన్ అమ్మకానికొచ్చిన రోజే దాని షాపులో ఎనిమిదేళ్ల సరుకు ర్యాకుల నిండా ఉంది. ఖాళీ అంగడి అనుకుని మీరు వెళ్లేది సంక్రాంతి ముందు రోజు విజయవాడ బీసెంట్ రోడ్డుకి.

ఇందులోనే మీకు పనికొచ్చే విషయం ఒకటి దాగుంది. మొదటి స్విచ్‌కి బిల్డ్ చేస్తే అది 15 కోట్లు దాటిన పాత మెషీన్లలోనూ ఆడుతుంది, కొత్తదానిలోనూ ఆడుతుంది. స్విచ్ 2కే కడితే పాతవాటిలో ఆడదు. టూడీ పజిల్‌కి కొత్త మెషీన్ బలం అక్కర్లేదు కూడా. పైగా స్విచ్ 2 డెవ్‌కిట్లు (గేమ్ చేసేవాళ్లకి కంపెనీ ఇచ్చే ప్రత్యేక మెషీన్లు) దొరకడం కష్టంగా ఉందని 2025లో చాలా స్టూడియోలు బహిరంగంగానే చెప్పుకున్నాయి. పెద్దవాళ్లకే వరస పెడుతుంటే గుంటూరు నలుగురికి ఎప్పుడొస్తుంది?

ఇక మౌస్ జాయ్‌కాన్ చుట్టూ తిరగరాయడం. ఇదే తప్పు పెద్ద పెద్దవాళ్లు చేశారు, అదీ ఇదే కంపెనీ మెషీన్ మీద. 2012 నవంబర్‌లో వీ యూ వచ్చింది, చేతిలో తెర ఉన్న గేమ్‌ప్యాడ్ దాని ప్రత్యేకత. యూబీసాఫ్ట్ ఆ తెరనే ఆధారం చేసుకుని జాంబీయూ చేసింది. లాభం రాలేదని మరుసటి ఏడాదే ఆ కంపెనీ అధిపతి ఈవ్ గిల్లెమో చెప్పారు. 2015లో అదే గేమ్‌ని, రెండో తెర అవసరం లేకుండా మళ్లీ సర్ది, పీసీకీ ఇతర కన్సోల్స్‌కీ అమ్ముకున్నారు. అంటే ఒకే గేమ్‌కి రెండుసార్లు పని. వీ యూకే ప్రత్యేకం అన్న రేమన్ లెజెండ్స్‌ని విడుదలకు కొద్ది వారాల ముందు ఆపేసి, నెలల తర్వాత అన్ని మెషీన్లకూ వదిలారు. 2011లో నింటెండో వేదికెక్కి కలిసి నడుస్తామన్న ఈఏ, 2013 వచ్చేసరికి ఆ మెషీన్‌కి ఏ గేమూ చేయడం లేదని చెప్పేసింది. అంతకుముందు మెషీన్ వీ 10 కోట్ల దగ్గరిదాకా అమ్ముడుపోయింది కదా అని అందరూ ఆశపడ్డారు. వీ యూ మొత్తం జీవితంలో అమ్మింది 1 కోటి 36 లక్షల లోపే. దాని షాపు 2023 మార్చి 27తో కొనుగోళ్లకు మూతపడింది.

నింటెండో మాత్రం ఏం చేసింది? 2014లో వీ యూకి చేసిన మారియో కార్ట్ 8ని 2017లో స్విచ్‌కి తెచ్చింది. వీ యూలో కోటి కాపీలు కూడా పోని ఆ గేమ్ స్విచ్‌లో 6 కోట్ల 50 లక్షలు దాటింది. మెషీన్ మునిగినా గేమ్ ఒడ్డెక్కింది, ఎందుకంటే అది గేమ్‌ప్యాడ్‌కి కట్టేసి లేదు. మౌస్ జాయ్‌కాన్ అదనపు సుఖంగా ఇవ్వాలనుకుంటే తర్వాత అప్‌డేట్‌లో ఇవ్వొచ్చు. అది లేకపోతే ఆడలేని పజిల్ ఒక్కటి కూడా గేమ్‌లో ఉండకూడదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మొదటి విడత లక్షన్నర, ఆరు వారాలు. దీనికి డెవ్‌కిట్ అక్కర్లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, బ్లూటూత్ కంట్రోలర్ రెండు కొనండి. యూనిటీలో ఆండ్రాయిడ్ బిల్డ్ తీయండి: స్క్రిప్టింగ్ బ్యాకెండ్ ఐఎల్2సీపీపీ (మీ కోడ్‌ని సీ ప్లస్ ప్లస్‌గా మార్చేది), ఆర్కిటెక్చర్ ఏఆర్ఎం64 (చిప్ రకం), టెక్స్చర్ కంప్రెషన్ ఏఎస్‌టీసీ (బొమ్మలను కుదించే పద్ధతి). స్విచ్‌లో ఉన్న టెగ్రా ఎక్స్1 కూడా ఏఆర్ఎం జాతి చిప్పే, అదీ ఏఎస్‌టీసీ చదువుతుంది. కాబట్టి పీసీలో దాక్కున్న జబ్బుల్లో చాలావరకు ఈ ఫోన్‌లోనే బయటపడతాయి.

మొట్టమొదట పడిపోయేది సేవ్ ఫైల్ లోడింగ్. ఎడిటర్‌లో చక్కగా నడుస్తుంది, ఫోన్‌లో పెట్టగానే తెర నల్లగా ఆగిపోతుంది. కారణం ఇది: ఐఎల్2సీపీపీ బిల్డ్ తీసేటప్పుడు ఎవరూ వాడట్లేదనుకున్న క్లాసులను యూనిటీ కత్తిరించేస్తుంది. సేవ్ ఫైల్‌ని చదివే జేసన్ లైబ్రరీలు క్లాసు పేరు పట్టుకుని నడిచేటప్పుడు వెతుక్కుంటాయి, కాబట్టి కత్తెర కంటికి అవి కనపడవు. లింక్ ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో ఆ క్లాసులను కాపాడమని రాయాలి. నడుస్తుండగా కోడ్ పుట్టించే లైబ్రరీ ఏదైనా ఉంటే తీసేయాల్సిందే, కన్సోల్స్‌లో అది కుదరదు. అసెట్ స్టోర్‌లో కొన్న ప్లగిన్లను కూడా ఇప్పుడే ఒక్కొక్కటీ తెరిచి చూడండి. లోపల డీఎల్ఎల్ రూపంలో నేటివ్ కోడ్ ఉండి, చేసినవాళ్లు కన్సోల్ వెర్షన్ ఇవ్వకపోతే ఆ ప్లగిన్ మీతో రాదు.

తర్వాత మెమరీ. స్విచ్‌లో మొత్తం 4 జీబీ, గేమ్‌కి దక్కేది సుమారు 3. టూడీ గేమ్‌కి ఇది ఎక్కువే అనుకుంటారు గానీ బొమ్మలే తినేస్తాయి. 2048 బై 2048 బొమ్మ కంప్రెషన్ లేకుండా 16 ఎంబీ. ఏఎస్‌టీసీ 6 బై 6లో అదే బొమ్మ 1.8 ఎంబీ. మీ నేపథ్యాలు ఐదు పొరలు, ఒక్కో పొరకి ఇలాంటివి నాలుగు అనుకుంటే ఒక్క లెవెల్‌కే 320 ఎంబీ ఎక్కడ, 36 ఎంబీ ఎక్కడ. పిక్సెల్ ఆర్ట్ అయితే ఏఎస్‌టీసీ అంచులు చెరిపేస్తుంది, వాటికి 4 బై 4 వాడండి లేదా చిన్న బొమ్మలను అలాగే వదిలేయండి. లెవెల్ మారినప్పుడు పాత లెవెల్ బొమ్మలు మెమరీ నుంచి దిగుతున్నాయో లేదో ప్రొఫైలర్‌లో చూడండి. రిసోర్సెస్ ఫోల్డర్‌లో అన్నీ పారేసి, వాటిని ఏదో ఒక స్క్రిప్ట్ పట్టుకునే ఉంటే దిగవు. వాటిని అడ్రసబుల్స్‌కి (కావాల్సినప్పుడు ఎక్కించి, పనయ్యాక దించే యూనిటీ పద్ధతి) మార్చడానికి వారం పది రోజులు తీసి పెట్టుకోండి.

ఫ్రేముల సంగతి. 60 కావాలంటే ఫ్రేముకి 16.6 మిల్లీసెకన్లు. సగటు బాగానే ఉండి, ప్రతి ఏడెనిమిది సెకన్లకోసారి చిన్న కుదుపు వస్తుంటే అది గార్బేజ్ కలెక్షన్ (వాడేసిన మెమరీని ఊడ్చే పని). ప్రతి ఫ్రేమూ స్కోర్ స్ట్రింగ్‌ని కొత్తగా అతికించడం, ప్రతి ఫ్రేమూ నడిచే అప్‌డేట్ ఫంక్షన్‌లో LINQ క్వెరీలు, దుమ్ము రేణువులను పుట్టించి చంపడం దీనికి కారణాలు. స్కోర్ మారినప్పుడే రాయండి, రేణువులకి పూల్ (చంపకుండా మళ్లీ వాడుకునే నిల్వ) పెట్టండి. పీసీ వేగంగా ఉండబట్టి ఇంతకాలం ఇది మీ కంట పడలేదు, అంతే.

సేవ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎక్కువమంది జారేది ఇక్కడే. పీసీలో ఫైల్ రాయడం అంటే ఒక లైను. కన్సోల్‌లో ఎవరి ఖాతాలో రాస్తున్నారు, ఎంత స్థలం ముందే అడిగారు, రాసింది ఖాయం చేశారా అన్నవన్నీ ఆ మెషీన్ పద్ధతిలోనే జరగాలి. అందుకని ఇప్పుడే గేమ్ కోడ్‌లో ఎక్కడా ఫైల్ పాత్ కనపడకుండా, ప్లేయర్‌ప్రెఫ్స్ (యూనిటీలో సెట్టింగ్స్ దాచే సదుపాయం) పిలుపు కనపడకుండా, సేవ్ మొత్తం ఒకే ఇంటర్‌ఫేస్ వెనక్కి నెట్టండి. అచీవ్‌మెంట్లు, యూజర్ లాగిన్, కంట్రోలర్ బొమ్మలు కూడా అలాగే. రాసే పద్ధతి కూడా మార్చండి: కొత్త ఫైల్‌కి రాయడం, చెక్‌సమ్ (ఫైల్ చెడలేదని తేల్చే లెక్క) సరిచూడడం, ఆ తర్వాతే పాతదాని స్థానంలో పెట్టడం. రాస్తుండగా కరెంటు పోయినా పాతది మిగలాలి. పరీక్ష సులువు, సేవ్ అవుతున్న క్షణంలో ఫోన్‌లో గేమ్‌ని బలవంతంగా చంపండి, 50 సార్లు. ఒక్కసారి ఫైల్ పాడైనా పని అవ్వనట్టే. ప్రతి సెకనూ సేవ్ చేసే అలవాటుంటే మానుకోండి. ఫ్లాష్ మెమరీ అరుగుతుంది, తనిఖీలోనూ పట్టుకుంటారు.

ఆఖరిగా కీబోర్డ్, మౌస్ ఊడబీకి కంట్రోలర్‌తోనే మొదటి నుంచి చివరిదాకా ఆడించండి. మీరు కాదు, గేమ్ ఎన్నడూ చూడనివాళ్లు. సెట్టింగ్స్ మెనూలో ఏదో ఒక స్లైడర్ దగ్గర ఇరుక్కుంటారు, చూడండి. నింటెండోలో ‘A’ బటన్ కుడివైపు, ఎక్స్‌బాక్స్‌లో ‘A’ బటన్ కింద. ‘సరే’కి ఏది, ‘వద్దు’కి ఏది అన్నది స్థానం బట్టి కాకుండా మెషీన్ అలవాటు బట్టి మారాలి. అక్షరాల సైజు కూడా: 1080లో 24 పిక్సెళ్ల అక్షరం, చేతిలో పట్టుకుంటే 720 తెర మీద 16 అవుతుంది. అంతకన్నా చిన్నదైతే చదవలేరు.

గేమ్‌లో తెలుగు మాటలు పెట్టి ఉంటే ఒక హెచ్చరిక. టెక్స్ట్‌మెష్ ప్రో (యూనిటీలో అక్షరాలు చూపే భాగం) వత్తులను, గుణింతాలను కలపదు. ‘స్త్రీ’ అని రాస్తే ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. వాక్యాలు తక్కువైతే బొమ్మలుగా తీసి అతికించడమే తేలిక. అక్షరాలను కలిపే షేపింగ్ లైబ్రరీ పెట్టుకుంటే అది కన్సోల్‌కి కంపైల్ అవుతుందా అన్న పాత ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఆరు వారాల తర్వాత ఆ ఫోన్‌లో గేమ్ 720లో కుదుపు లేకుండా ఆడి, మెమరీ ఎక్కడా ఒకటిన్నర జీబీ దాటకుండా, సేవ్ పరీక్ష నెగ్గితే రెండో విడతకి వెళ్లండి. నెగ్గకపోతే అక్కడే ఆగండి. పోయింది లక్షన్నర, అదీ పూర్తిగా పోలేదు, స్టీమ్ వెర్షన్ బాగుపడింది.

దరఖాస్తులు మాత్రం మొదటి వారమే పెట్టండి, జవాబులకి సమయం పడుతుంది. నింటెండో డెవలపర్ పోర్టల్‌లో నమోదుకి డబ్బు కట్టక్కర్లేదు, కానీ స్విచ్ టూల్స్ చేతికి రావాలంటే అనుమతి వేరుగా కావాలి. ఎక్స్‌బాక్స్ వాళ్ల ఐడీ కార్యక్రమం 2013లో ప్రకటించినప్పుడే ఎంపికైనవాళ్లకి రెండు కిట్లు ఉచితమని చెప్పారు. దానికీ పెట్టండి. మన దేశంలో స్టూడియోల కోసం సోనీ 2023లో ఇండియా హీరో ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. దాని ఎంపికలు ఎప్పుడు తెరుస్తారో కనిపెట్టుకుని ఉండండి. అందరికీ పంపాల్సింది ఒకటే: రెండు నిమిషాల ఆట వీడియో, స్టీమ్ పేజీ, ఒక పేజీ వివరణ, ఎప్పటికి పూర్తవుతుందో తేదీలు. జీమెయిల్ నుంచి పంపకండి, సొంత డొమైన్ మెయిల్ ఉండాలి. కొన్ని పోర్టల్స్ స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) అడుగుతాయి. మీ కేబుల్ నెట్‌వాళ్లు వీధి మొత్తానికి ఒకే ఐపీ పంచుతుంటారు, విడిగా ఇమ్మని నెలవారీ రుసుము మాట్లాడుకోండి. కిట్ వస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ కేవైసీ కాగితాలు మీ నెత్తినే. వచ్చాక దాని ఫొటో ఇన్‌స్టాలో పెట్టకండి. సంతకం చేసిన ఒప్పందంలో మొదట రాసుండేది అదే.

యూనిటీ లైసెన్స్ దగ్గర ఒక గొయ్యి ఉంది. కన్సోల్ బిల్డ్‌కి యూనిటీ ప్రో కావాలి, లేదా కన్సోల్ కంపెనీ ఇప్పించే కీ కావాలి. ప్రో ఒక్కో సీటు ఏడాదికి దాదాపు 2 లక్షలు. ఒకే ప్రాజెక్టులో కొందరు పర్సనల్, కొందరు ప్రో అంటే కుదరదు. నలుగురికీ ప్రో కొంటే 9 లక్షల లెక్క అక్కడే తలకిందులు. కాబట్టి అనుమతి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ కీ గురించే. ఇవ్వమంటే, లైసెన్స్ తమ దగ్గరే ఉన్న పోర్టింగ్ స్టూడియోకి (గేమ్‌ని వేరే మెషీన్‌కి మార్చిపెట్టేవాళ్లు) పని అప్పగించడం చౌక.

రెండో విడత నాలుగున్నర లక్షలు. పోర్టింగ్ తెలిసిన ప్రోగ్రామర్‌కి నెలకి 70,000 చొప్పున మూడు నెలలు, 2 లక్షల 10 వేలు. టెస్టర్‌కి 75,000. కిట్, సుంకం, స్టాటిక్ ఐపీ, టీవీ, అదనపు కంట్రోలర్లకి లక్ష. మిగిలిన 65,000 ముట్టుకోకండి, నాలుగో నెల తప్పకుండా వస్తుంది.

ఎందుకొస్తుందంటే తనిఖీ వల్ల. నింటెండో దాన్ని లాట్‌చెక్ అంటుంది, సోనీ టీఆర్‌సీ అంటుంది, మైక్రోసాఫ్ట్ ఎక్స్ఆర్ అంటుంది. (టీఆర్‌సీ అంటే మీ సీఏకి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్. ఇద్దరూ ఒకే మీటింగ్‌లో ఉంటే జాగ్రత్త.) గేమ్ సరదాగా ఉందా అని అక్కడ ఎవరూ చూడరు. ఆడుతుండగా కంట్రోలర్ బ్యాటరీ తీస్తే గేమ్ ఆగి చెప్పిందా, మెషీన్‌ని నిద్రపుచ్చి గంట తర్వాత లేపితే పాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే వస్తోందా, లోడింగ్‌లో అన్ని బటన్లూ దడదడా నొక్కితే పడిపోతోందా, స్థలం నిండినప్పుడు సేవ్ ఏమంటోంది, మధ్యలో యూజర్ మారితే ఒకరి ఆట ఇంకొకరి ఖాతాలోకి పోతోందా, ఇవీ వాళ్లు చూసేవి. చిన్నచిన్నవీ పట్టుకుంటారు: ఎక్కడో ఒక ట్యుటోరియల్‌లో ‘ఎస్కేప్ నొక్కండి’ అని మిగిలిపోవడం, క్రెడిట్స్‌లో పోటీ షాపు పేరు, కంట్రోలర్‌ని ఆ కంపెనీ పిలిచే పేరుతో కాకుండా ఇంకో పేరుతో పిలవడం. తప్పితే సరిచేసి మళ్లీ పంపాలి, ప్రతిసారీ వారం రెండు వారాలు పోతాయి. రెండుసార్లు తప్పుతామని ముందే తేదీల్లో కలుపుకోండి, ట్రైలర్‌లో విడుదల తేదీ అప్పటిదాకా వేయకండి. వయసు రేటింగ్‌కి డిజిటల్ గేమ్ అయితే ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ వయసు రేటింగ్ వ్యవస్థ) ప్రశ్నావళి నింపితే చాలు, డబ్బు పడదు.

మూడో విడత 3 లక్షలు, ఇది అమ్మకానికి. నింటెండో మెషీన్లు మన దగ్గర అధికారికంగా అమ్మరు, కొనేవాళ్లంతా అమెరికా, జపాన్, యూరప్‌లలో ఉన్నారు. గేమ్‌లో 4,000 మాటలుంటే, జపనీస్‌తో కలిపి ఐదు భాషలకి, మాటకి 10 సెంట్ల చొప్పున 2,000 డాలర్లు, అంటే లక్షా 70 వేలు. జపనీస్‌ని మాత్రం మెషీన్ అనువాదానికి వదలకండి, అక్కడి రివ్యూల్లో మొదటి మాట దాని మీదే ఉంటుంది. మిగిలిన లక్షా 30 వేలు ట్రైలర్‌కీ, విడుదలైన నెలలో వచ్చే ప్యాచ్‌కీ.

‘ఒక్క మెషీన్‌కే’ ఒప్పందం ఎప్పుడు సబబు? మీరు అడిగి ఇవ్వడం కాదు, కన్సోల్ కంపెనీయో పబ్లిషరో (గేమ్‌ని మార్కెట్లోకి తెచ్చే కంపెనీ) కొనుక్కోవాలి. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో ఎవరినైనా అడగండి, పబ్లిషర్ కాంట్రాక్టు మీ కన్నా వాళ్లకే తొందరగా అర్థమవుతుంది. ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) అంటే డబ్బు ముందు ఇచ్చేస్తారు, ఆడకపోయినా వెనక్కి అడగరు, ఆడితే ఓవర్‌ఫ్లోస్ (ఆ పైన వచ్చింది) పంచుకుంటారు. కమీషన్ అంటే అమ్మితేనే, అంతా మీ రిస్కే. గేమ్ పబ్లిషర్లలోనూ ఇవే రకాలు, పేర్లే తేడా. ఎంజీ ఇచ్చేవాళ్లతో అడగాల్సింది: ఇచ్చింది ఎక్కడి నుంచి రాబట్టుకుంటారు? 10 లక్షలిచ్చి సగం సగం వాటా అన్నారనుకోండి. మొత్తం రాబడి నుంచి రాబట్టుకుంటే 10 లక్షలు దాటగానే మీకు వాటా మొదలు. మీ వాటాలోంచే రాబట్టుకుంటామంటే రాబడి 20 లక్షలు దాటేదాకా మీకు రూపాయి రాదు. ఒక్క వాక్యం తేడా. దానికి తోడు పోర్టింగ్ ఖర్చు, టెస్టింగ్ ఖర్చు అంటూ బిల్లులు కలిపేస్తుంటారు, వాటికి గరిష్ఠ పరిమితి రాయించుకోండి. ఫలానా నెలలోపు విడుదల చేయకపోతే హక్కులు మీకు తిరిగి రావాలి, లెక్కలు చూసే హక్కు ఉండాలి. తర్వాతి గేమ్ కూడా ముందు మాకే అన్న షరతుంటే దానికి విడిగా డబ్బు అడగండి.

గడువు కూడా చిన్నదిగా ఉండాలి. పుణేకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన ‘రాజీ’ అనే గేమ్ 2020 ఆగస్టు 18న ముందు స్విచ్‌లో వచ్చింది. అక్టోబర్ 15కల్లా పీసీలోనూ మిగిలిన కన్సోల్స్‌లోనూ ఉంది. రెండు నెలల లోపే. మీ గేమ్ ఇప్పటికే స్టీమ్‌లో ఉంది కాబట్టి మీ దగ్గర ఎవరైనా కొనగలిగేది కన్సోల్స్ మధ్య ముందు వెనకలు మాత్రమే.

పన్ను గురించి రెండు ముక్కలు. షాపుల్లో ఖాతా తెరిచేటప్పుడు డబ్ల్యూ-8బీఈఎన్-ఈ ఫారం నింపండి (కంపెనీ కాకుండా మీ సొంత పేరు మీదైతే చివరి ఈ లేనిది). అప్పుడు భారత్, అమెరికా ఒప్పందం ప్రకారం రాయల్టీ మీద 15 శాతమే పట్టుకుంటారు, నింపకపోతే 30. పట్టుకున్నది ఇక్కడి పన్నులో క్రెడిట్‌గా తీసుకోవచ్చు, ఆ కాగితాలు దాచండి. జీఎస్‌టీలో ఎగుమతికి ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) ఏటా పెట్టాలి, దానికి ఎగుమతులు చేసేవాళ్ల లెక్కలు చూసే సీఏని పట్టుకోండి. మిర్చి ఎగుమతిదారుల పుణ్యమా అని గుంటూరులో వాళ్లకి కొదవ లేదు. అమ్మిన డబ్బు ఖాతాలో పడడానికి మూడు నెలలైనా పట్టొచ్చనుకుని జీతాలు చూసుకోండి.

మామయ్య మిగతా 31 లక్షలు ఆయన దగ్గరే ఉండనివ్వండి, కోల్డ్ స్టోరేజీ వాటా మొత్తం అమ్మాల్సిన పని కూడా లేదు. ఇచ్చే 9 లక్షలు చేబదులా, కంపెనీలో వాటానా, వాటా అయితే ఈ గేమ్‌లోనా మొత్తం స్టూడియోలోనా అన్నది మొదటి విడతకి ముందే స్టాంపు కాగితం మీద రాసుకోండి. మూడు విడతల తేదీలు, ఏ పరీక్ష నెగ్గితే తర్వాతి విడత విడుదలవుతుందో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. ఫోన్‌లో సేవ్ 50 సార్లు నెగ్గిందో లేదో ఆయనే కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు.